మిరప కల్లంలో కునుకు

చనిపోయిన రోజు మధ్యాహ్నం నా భార్య హైమవతి మిరప కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ కూర్చున్నచోటే నిద్రపోయింది. ఘాటుకి మేమంతా తుమ్ముతున్నా కదల్లేదు.

"ఏమోయ్, దిండు తెప్పించనా?" అన్నాను. కూలీలు పకపకా నవ్వారు.

"రోజూ ఈ పగటి నిద్రేమిటి? డాక్టరుకి చూపిద్దాం పద," అన్నాను నేనే.

"నాకెందుకండీ? ముందు మీరు చూపించుకోండి!" అంది, కళ్లు నులుముకుంటూ. బాగా చురక అంటించిందని మళ్లీ నవ్వాం.

సాయంత్రం బండి మీద నా వెనక కూర్చుని ఇంటికి వస్తూ, నిద్రలో జారి పడిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

నాకు తోడుగా మా అమ్మాయి శ్రీరమ్య వచ్చి నెలైంది. ఇవాళ పప్పుకి తాలింపు పెడుతూ గోడకి ఆనుకుని తూగుతోంది.

"అచ్చం అమ్మ పోలికే!" అన్నాను.

"పోలికేం కాదు నాన్నా, నిద్ర చాలట్లేదు. రాత్రి గురక మధ్యలో నీకు ఊపిరి ఆగిపోతోంది. తట్టి కదిపితేగానీ మళ్లీ తీసుకోవు. మూడేళ్లుగా రాత్రిళ్లు ఇదే పనని అమ్మ ఫోన్లో చెప్పేది. డాక్టరు దగ్గరికెళ్దామంటే నువ్వు నవ్వేసేవాడివట."

తాలింపు మాడింది.

రేపు పొద్దున్నే మొదటి బస్సుకి గుంటూరు వెళ్లి డాక్టరుకి చూపించుకుంటాను. రమ్యని నిద్ర లేపను.