మచ్చలున్న సూర్యుడు

మిట్టమధ్యాహ్నం. దుర్గిలో తన షెడ్డు కింద కూర్చుని కోటేశ్వర్ నంది చెవి చెక్కుతున్నాడు.

చెప్పాపెట్టకుండా ఒకావిడ లోపలికి వచ్చి, గోడ వారగా నీడలో నిలబడింది.

అరవై దాటి ఉంటాయి. చేతులకు తొడుగులు, ముఖం చుట్టూ స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, పెద్ద గొడుగు.

"చూసుకోండమ్మా, నంది మీద పడతారు," అన్నాడు విసుగ్గా.

"నా పేరు ఖైరున్నీసా. నరసరావుపేట నుంచి వచ్చాను. నాకో సూర్యుణ్ణి చెక్కి పెట్టాలి బాబూ."

"ఏడు గుర్రాల రథంతోనా?"

"రథం వద్దు. కళ్లూ ముక్కూ కూడా వద్దు. పెద్ద పళ్లెమంత బింబం చాలు. దాని మీద మచ్చలుండాలి."

ఫోనులో ఫొటో చూపించింది. నారింజ రంగు బింబం మీద గుంపుగా నల్లటి మచ్చలు.

కోటేశ్వర్ ఉలి కింద పెట్టేశాడు.

"మా తాతల కాడి నుంచీ సూర్యదేవుణ్ణి చెక్కుతున్నాం. ఆయనకి మచ్చలు పెట్టమంటారేంది? నా వల్ల కాదు. ఇంకెవరినన్నా చూసుకోండి."

ఆవిడకు కోపం రాలేదు.

"మచ్చ అంటే మరక కాదు బాబూ. లోపలి పొంగు. అక్కడి నుంచే మంటలు ఎగుస్తాయి. నువ్వు చెక్కే బింబమే సూర్యుడనుకుంటే, మన భూమి ఎంతుంటుందో తెలుసా? జొన్నగింజంత. ఈ పెద్ద మచ్చలో అలాంటి గింజలు నాలుగైనా పడతాయి."

కోటేశ్వర్ నమ్మలేదు. కానీ పొమ్మని కూడా అనలేకపోయాడు.

"అంతంత మంటలెగిస్తే మనం మాడిపోమా?"

"కొన్ని నక్షత్రాలు అలాంటివే. చిన్నవి, ఎర్రటివి, ఊరికే కోపమొచ్చేవి. తమ చుట్టూ తిరిగే గ్రహాల మీద గాలిని కూడా ఊడ్చేస్తాయి. మన సూర్యుడూ పడుచుతనంలో అంతే. అంగారకుడి గాలి చాలావరకు అట్లానే పోయింది. తర్వాత తర్వాత నెమ్మదించాడు. ఆయన నెమ్మదించబట్టే నీ చేతిలో ఉలి ఉంది, ఇక్కడ నేనున్నాను."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు, పురిటింట్లో బిడ్డను చూసి వచ్చిన మనిషి గొంతులా ఉంది.

"సరే, రాయి చూసుకోండి," అన్నాడు కోటేశ్వర్.

బయట వాకిట్లో రెండు పలకలు ఆనించి ఉన్నాయి. ఆవిడ షెడ్డు అంచు దాకా వచ్చి ఆగింది.

"మంచిది నువ్వే చూసి తీయరాదూ?"

"నీడలో రాయి గుణం తెలవదమ్మా. చార ఏదో, పగులు ఏదో ఎండలోనే కనపడతది. మీ రాయి మీరే చూసుకోవాల, రేపు నన్నంటారు. ఎండకి కరిగిపోతారా ఏంది?"

ఆవిడ నవ్వింది. గొడుగు మూసి గోడకు ఆనించింది. తొడుగులు తీసింది. స్కార్ఫు వెనక్కి తోసింది.

ఎండలోకి అడుగు పెట్టింది.

వేడెక్కిన రాతి మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని ముఖం పైకెత్తింది. రాయి చూడటానికి అంతసేపు అక్కర్లేదు. కోటేశ్వర్ పిలుద్దామనుకుని, ఎందుకో పిలవలేదు.

"ఇదే కావాలి. ఈ ఎర్రచార ఏమిటి?"

"ఇనుమమ్మా."

"సూర్యుడిలోనూ ఉంది ఇనుము. ఆయన పుట్టిన మబ్బులోంచే ఈ నేలా పుట్టింది. ఈ చారలోదీ, నీ నెత్తుట్లోదీ ఆ మబ్బులోని ఇనుమే. ఇనుము ఎక్కువున్న నక్షత్రాల చుట్టూ పెద్ద గ్రహాలు ఎక్కువగా పుడతాయి."

"ఈ సంగతులన్నీ ఎవరు పోయి తెచ్చారమ్మా అంత దూరం నుంచి?"

"ఎవరూ పోనక్కర్లేదు. వెలుగును విడదీసి చూస్తే, దేంట్లో ఏముందో అదే చెబుతుంది."

పూర్తయ్యాక ఫోను చేయమని నంబరు ఇచ్చి వెళ్లిపోయింది.

ఆ బింబం చెక్కుతున్నన్నాళ్లూ కోటేశ్వర్ మరో పని ముట్టలేదు. మచ్చలన్నీ ఫొటోలో ఉన్నట్టే గుంటలు తీశాడు. చివరి రోజు వంటింట్లోంచి జొన్నగింజ తెచ్చి పెద్ద గుంటలో వేశాడు. గింజ లోపల ఎక్కడో ఓ మూలకు పోయింది.

"ఏమే నాగవేణీ, ఇట్రా! ఇదిగో మన భూమి."

భార్య వంగి చూసింది. "గింజను చూపించి భూమంటావేంది?"

"మాచర్ల, గురజాల, కృష్ణ, సముద్రాలు, అన్నీ దీంట్లోనేనంట," అన్నాడు. ఇద్దరూ ఆ గింజ వంక చూస్తూ ఉండిపోయారు.

ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. మర్నాడూ అంతే.

"చెక్కమన్నోళ్లు ఇట్టా మాయమైతే ఎట్టా?" అని సణుక్కున్నాడు. ఆవిడ చూస్తే ఏమంటుందో వినాలని అతనికి చాలా ఆశగా ఉంది.

వారం తిరక్కుండా ఒకామె ఆటో దిగింది.

"నా పేరు హలీమా. ఖైరున్నీసా మా అక్క. రాయి తీసుకుపోదామని వచ్చానన్నా."

"ఆమె రాలేదేమ్మా? ఆమెకే చూపించాలనుకున్నా."

"అక్క పోయింది. ఇక్కడి నుంచి వచ్చిన మర్నాడే మంచం పట్టింది."

కోటేశ్వర్ బింబం వైపు చూశాడు.

"ఆ రోజు బాగానే ఉందిగదమ్మా! నేను రమ్మంటే ఎండలోకొచ్చి, ఎంతసేపో నిలబడింది."

హలీమా చప్పున తలెత్తింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె మెల్లగా బింబం ముందు కూర్చుని, గుంటల మీద వేళ్లు ఆడించింది.

"ఎండలో నిలబడిందా... అందుకేనా అన్నా, చివరి దాకా నవ్వుతూనే ఉంది," అంది. "బతుకంతా సూర్యుణ్ణి చదివిన మనిషి మా అక్క, ఎండ సోకితే ప్రాణానికే ముప్పనే జబ్బు పట్టుకున్నాక, తలుపులేసిన గదిలో తెర మీద ఆయన్ని చూసుకోవడమే గానీ, ఆ వెలుగులో నిలబడింది మాత్రం ఇన్నేళ్లలో మీ వాకిట్లోనే."