ఒక్క స్పూనే కదమ్మా

“బయటి తిండి లోపలికి బంద్,” అన్నాడు థీమ్ పార్కు గేటు దగ్గర సంచులు వెతికే భద్రయ్య.

ఆ మాట వస్తుందని జ్ఞానమణి బొల్లారంలో బస్సెక్కినప్పుడే అనుకుంది. సంచిలోంచి డాక్టరు రాసిన చీటీ తీసి అతని చేతిలో పెట్టింది.

“పాలు పడవు. పెరుగు, వెన్న, నెయ్యి ఏదీ పడదు. తింటే గొంతు వాస్తుంది. అందుకే ఇడ్లీలు తెచ్చుకున్నాం.”

భద్రయ్య చీటీ చదివినట్టు నటించాడు. అది డాక్టరు దస్తూరీ కాబట్టి అంతకుమించి ఎవరైనా చెయ్యగలిగింది లేదు.

“పాలతోని సుత బీమార్ అయితరా? గిదేందమ్మా, కొత్తగ వింటున్న.”

“అవుతారు,” అంది జ్ఞానమణి.

తనకు మాత్రం ఇది కొత్త కాదు. స్కూల్లో, చర్చిలో, పెళ్లి పందిళ్లలో, ఎక్కడికి వెళ్లినా వైద్యం తెలిసినవాళ్లు ఒకరు ఎదురవుతారు. రోజూ గ్లాసెడు తాగిస్తే అదే అలవాటవుతుందని పేతురు మేనత్త శేషారత్నం ఎప్పుడో తేల్చేసింది. ఆవిడకు బోయిగూడలో రెండు గేదెలున్నాయి మరి.

భద్రయ్య ఇడ్లీల సంచిని లోపలికి వదిలేలోగా పేతురు గేటు దాటేశాడు. నీళ్ల జారుడుబండ కనబడగానే చెప్పులు చేత్తో పట్టుకుని పరుగందుకున్నాడు.

“పరిగెత్తకు. నేల తడిగా ఉంది,” అని కేకేసింది జ్ఞానమణి. ఎవరు వింటారు?

వేసవి సెలవులు. రెండు రోజుల టికెట్లు, రాత్రికి పార్కులోనే గది. పార్కువాళ్లు సరదాకు లోటు చెయ్యలేదు. పాలకు అసలే చెయ్యలేదు. పాప్‌కార్న్‌లో వెన్న, దోసె మీద వెన్న, బిర్యానీలో పెరుగు. చికెన్ ముక్కను కూడా పెరుగులో ముంచి లేపారు. పాలు తేనెలు ప్రవహించే దేశమంటే ఇదే కాబోలు. చర్చిలో ఆ వాక్యం వచ్చినప్పుడల్లా జ్ఞానమణి సగానికే ఆమెన్ చెప్పేది.

చివరికి మొక్కజొన్న పొత్తుల బండి ఒకటి దొరికింది. బండతను షంషీర్.

“వెన్న రాస్తారా?”

“ఫుల్ రాస్త.”

“మాకు వద్దు. ఆ బ్రష్షు కూడా తగలకూడదు. కొత్త పొత్తు కాల్చండి. ముందు చేతులు కడుక్కోండి.”

షంషీర్ బండి మీంచి వంగి చూశాడు. “ఇన్‌స్పెక్టర్ లెక్క అడుగుతున్నవ్ గదమ్మా,” అని నవ్వుకుంటూనే చేతులు కడుక్కున్నాడు.

పక్కనే ఐస్‌క్రీమ్ కొట్టు. పేతురు దాని ముందు నిలబడి కాలు కదపడం లేదు.

“అమ్మా, ఒక్క స్పూన్.”

“వద్దు.”

“ఒక్క స్పూనే కదమ్మా. అందరూ తింటున్నారు.”

“అందరికీ గొంతు వాచదు.”

“సెలవులకొచ్చి ఐస్‌క్రీమ్ లేకుండా పోతామా?”

“పోతాం. క్రిస్మస్‌కు కేకు దగ్గర కూడా ఇలాగే ఒక్క ముక్కే అన్నావు. తర్వాత రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం.”

పేతురు మూతి ముడుచుకున్నాడు. బాత్రూమ్‌కని వెళ్లి పావుగంటకు గాని రాలేదు. వస్తూనే నీళ్ల సీసా మూతికి ఆనించి గటగటా తాగాడు. జ్ఞానమణి కూడా రెండు గుక్కలు తాగి, మూత బిగిస్తూ అప్పుడు చూసింది. పేతురు పెదవి చివర తెల్లటి మరక.

“నోరు తెరువు.”

“ఏం లేదమ్మా.”

“తెరువు.”

పిస్తా వాసన గుప్పుమంది.

“ఒక్క కుల్ఫీయే,” అన్నాడు పేతురు. ఒకటి తప్ప వేరే అంకె నేర్చుకోనట్టుంది.

పది నిమిషాలు గడిచాయో లేదో, పెదవి మంట మొదలైంది. తర్వాత మెడ మీద దద్దుర్లు లేచాయి. పేతురు ఏడుపు లంకించుకున్నాడు. జ్ఞానమణి ఏడవలేదు. ఇద్దరిలో ఒకరైనా పని చూడాలి కదా. సంచి జిప్పు లాగి మందు తీసింది. మూత మీది గీత దాకా కొలిచింది. చుక్క ఒలకలేదు. మందు గొంతు దిగింది.

ఇక బెంచీ మీద కూర్చుని గడియారం చూడటమే. ఊపిరిలో ఈల వినబడితే ఆస్పత్రికి పరుగెత్తాలి. అది ఎంత దూరమో పొద్దున గేటు దగ్గరే కనుక్కుని పెట్టుకుంది. అయినా భయం పోలేదు. ఆ సంగతి పేతురుకు తెలియనివ్వలేదు.

“ఇంట్లో చెప్పకమ్మా,” అన్నాడు పేతురు వెక్కుతూ.

“చెబుతాను.”

“నన్ను చంపేస్తారు.”

“చంపరు. తిడతారు.”

“ఇంకెప్పుడూ ఇట్లా చెయ్యను. ప్రభువు తోడు.”

కుల్ఫీ గొడవలోకి ప్రభువును లాగినందుకు ఇంకో రెండు తిట్టాలనుకుంది. కానీ ఆ ముఖం చూస్తే జాలేసింది. రుమాలు ఇచ్చి, “ముక్కు తుడుచుకో,” అంది.

అరగంట గడిచింది. ఈల రాలేదు. దద్దుర్లు పలచబడ్డాయి. తలకిందులుగా తిరిగే పెద్ద రైలెక్కుదామని పేతురు పొద్దున్నుంచీ గోల చేస్తున్నాడు.

“సరే, పద,” అంది జ్ఞానమణి.

పేతురు ముఖం వెలిగిపోయింది. చెయ్యి పట్టుకుని లైను దాకా లాక్కెళ్లాడు.

రైలు దగ్గర టికెట్లు చూసే మనిషి, ఆ ఎంగిలి నీళ్లకు వాచిన పెదవి ఇంకా పూర్తిగా తగ్గని జ్ఞానమణిని గోడ మీది కొలతకు ఆనించి నిలబెట్టి, నెత్తి మీద అరచెయ్యి పెట్టి చూసి, పేతురుతో అన్నాడు: “తొమ్మిదేండ్లంటున్నరు గని నాలుగున్నర అడుగులు లేదు సార్, మీ బిడ్డను జెర పక్కన కూసోబెట్టి మీరొక్కలే ఎక్కుండ్రి.”