మాట్లాడని జాతి

"ఇది బాగుందా, ఇది బాగుందా?"

కళ్ళజోళ్ళ దుకాణంలో కొనేవాళ్ళని కూతురు రోజంతా అడిగే ప్రశ్నే. ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో కంప్యూటర్ పెట్టి, అదే గొంతుతో నాన్నని అడిగింది. తెర మీద ఆటలోని గంధర్వుడు గిర్రున తిరిగాడు. తర్వాత మరుగుజ్జు. ఆ తర్వాత కోరల రాక్షసుడు.

"ఊఁ," అన్నాడు నాన్న.

"ఊఁ అంటే ఏది నాన్నా?"

"ఊఁ."

ముప్పై ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చున్న మనిషి. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో ఊరంతటికీ ఆయనే చెప్పేవాడు. నిద్రలో కూడా ప్రకటనలు చేస్తాడని ఇంట్లో నవ్వుకునేవాళ్ళు. కిందటేడు ఆయన కుర్చీ తీసేసి రికార్డు చేసిన గొంతు పెట్టారు. ఆ ఏడాదే ఆయన నోటికి తాళం పడింది. ఉద్యోగం పోయిన దిగులని ఇరుగుపొరుగు తేల్చేశారు. ఇరుగుపొరుగుకి తేల్చడం ఎంతసేపు? కూతురు అవుననలేదు, కాదనలేదు.

ఆమెకి ఏడుపు రావడం కూడా ఎప్పుడో ఆగిపోయింది. ఇంట్లో వినిపించేది ఫ్రిజ్ చప్పుడొక్కటే. నాన్న చేత ఊఁ కాక ఇంకొక్క మాట అనిపించాలి. ఆమెకి మిగిలిన కోరిక అదే. డాక్టరు చెప్పిన నడకలు అయ్యాయి, పక్కింటాయన తెచ్చిన చదరంగమూ అయింది. ఇక ఈ ఆట. ఇందులో ఎవరు ఏ జాతిని ఎంచుకుంటే ఆ జాతిలాగే మాట్లాడాలి, మసలాలి.

రాతిమనిషి దగ్గర నాన్న వేలు ఆగింది. కొండంత ఒళ్ళు. రాతిమనుషులు మాట్లాడరని కింద రాసి ఉంది.

"వెతికి వెతికి దీన్నే పట్టావూ?" అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

తన గదిలోకి వెళ్ళి, అక్కడి కంప్యూటర్లో ఆటకి తన పాత్రని తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. చెవిలో స్నేహితురాలి గొంతు. ఆటలోనే పరిచయం. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఇంటి సంగతులు చెప్పుకోలేదు. ఆటలో ఆ పిల్ల పేరు పిడుగు.

"ఎప్పుడూ గంధర్వకన్యవే కదా. ఈసారేంటి?"

"మనిషి."

"మనిషా? దానికి ఆటెందుకే, అద్దం చాలదూ?"

ఆమె ఆ మనిషి ఎత్తు తగ్గించింది. నడుము కాస్త పెంచింది. పాపిట పక్కన ఒక పాయని తెల్లగా చేసింది. ఎడమకాలికి కుంటు పెట్టింది. కుంటు పెడితే బలం సగానికి పడిపోతుందని ఆట హెచ్చరించింది. సరే అని నొక్కింది. గడ్డం కింద పుట్టుమచ్చ ఎక్కడ పెట్టాలో మాత్రం ఎంతకీ తేలలేదు. అటూ ఇటూ జరిపి, చివరికి కళ్ళు మూసుకుని ఆలోచించి పెట్టింది.

"ఎవరే ఈవిడ? మొదటి తోడేలుకే ఫలహారమైపోతుంది," అంది పిడుగు.

"అవనీ."

"కుంటు ఎడమకాలికే ఎందుకు?"

"కుడిది బాగానే ఉంటుంది."

ఆటలో రాతిమనిషి వంతెన మీద, కూతురు వదిలిన చోటే నిలబడి ఉన్నాడు. నడవడమెలాగో నాన్నకి నేర్పింది కానీ ఆయన నడవలేదు. ఆవిడే కుంటుకుంటూ వెళ్ళి ఎదురుగా ఆగింది. అతని మోకాలిదాకా కూడా లేదు. కూతురికి చేస్తున్నది తప్పేమోనని భయమేసింది. అయినా టైపు చేసింది.

"ఏమండీ."

రాతిమనిషి తల తిప్పాడు.

పిడుగు పకపకా నవ్వింది. "బండరాయిని పట్టుకుని ఏమండీ ఏంటే తల్లీ! నీ మర్యాద మండ!"

"ఏమండీ, మాత్రలు వేసుకున్నారా?"

తెర మీద జవాబు రాలేదు. రాతిమనుషులు మాట్లాడరుగా. ఆమె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. ఫ్రిజ్ చప్పుడు. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. అప్పుడు, ఏడాదిగా ఎవరూ వినని గొంతు, మైకులో పలికినంత స్పష్టంగా గోడ దాటి వచ్చింది.

"వేసుకున్నానే, నువ్వు పోయిన దగ్గర్నుంచీ ఒక్కపూట కూడా మానలేదు."