కాంక్రీటులో గంగోదకం

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల నడుమ అమ్మవారి గద్దెకు కాంక్రీటు కలుపుతున్నారు. ఆనవాయితీ ప్రకారం ఇంటికొక చెంబు గంగోదకంతో స్త్రీలు వరుసగా నిలుచున్నారు. నిరుడు ఆ చెంబుల నీళ్ళు లెక్కాపత్రం లేకుండా పడబట్టే గుడి ద్వారస్తంభం బీటలు వారింది.

“ఒక్క చుక్క పడినా ఊరుకోను,” అన్నాడు ఇంజనీరు జయదేవ్. “సిమెంటుకు ఇంత, నీటికి ఇంత అని శాస్త్రముంది. మీ బుర్రలకెక్కదు.”

“పున్నెం కదా బాబూ,” అంది వరుసలో ముందున్న అప్పమ్మ.

“పుణ్యంతో గద్దె నిలబడదు.”

అతడు విలాసంగా వాళ్ళకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఈ మూఢజనం ఎన్నడైనా మాట విన్నదా? తాను చూడనప్పుడు పోయక మానరు. అందుకే కలపాల్సిన నీటిలోంచి ఆ చెంబుల నీటిని ముందే తగ్గించి పాళ్ళు కట్టాడు. ఇసుక, కంకర, సిమెంటులతో పాటు అజ్ఞానాన్ని కూడా తూచగల తన ప్రజ్ఞకు తానే మురిసిపోయాడు.

తిరిగి చూస్తే కాంక్రీటు పొడిపొడిగా ఉంది. ఎండకు బిగిసిపోతోంది. చెంబులన్నీ నిండుగానే ఉన్నాయి.

“పోయలేదా?”

“మీరు ఒద్దన్నారు కదా బాబూ. సదువుకున్నోరి మాట కాదంటామేటి?”

జయదేవ్ చెంబుల వైపు చెయ్యి చూపాడు. “సరే, పోయండి.”

“ఎన్ని సెంబులు?”

“అన్నీ.”

అప్పమ్మ చెంబు వంచలేదు. అతని మొగంలోకి తేరిపార చూసింది.

“అంటే మేం మాట ఇనమని ముందే లెక్క కట్టీసినారా, బాబూ?”