చిక్కుడాకు పసరు జెండా

మైకులో గట్టయ్య పేరు పిలిచారో లేదో, సదయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్కనున్న కొడుకు శివ గబుక్కున చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఇజ్జత్ తియ్యకు నాయినా, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు పళ్ల బిగువున.

అసలు తండ్రిని వెంటబెట్టుకు రావడమే శివకు ఇష్టం లేదు. రానంటూనే పొద్దున్నే తలస్నానం చేసి, తెల్లధోతి కట్టి ముందే తయారై కూర్చున్నాడు సదయ్య.

రెండు వేల రెండో సంవత్సరం ఆగస్టు పదిహేనుకు ఒక సమరయోధుణ్ణి పిలవాలని గోదావరిఖనిలోని ఆ కాలనీవాళ్లు అనుకున్నారు. మంచిర్యాలలో గట్టయ్య అనే ముసలాయన దొరికాడు. తెల్లదొరలు దేశం వదిలిపోయినా, నిజాం రాజ్యంలో మాత్రం మూడురంగుల జెండా ఎగరేస్తే నేరమే అయిన రోజుల్లో, తన ఊరి ఠాణా మీద జెండా కట్టి, కొరడా దెబ్బలు తిని జైలుకు పోయిన కుర్రాడట. జైలు నుంచి వచ్చాక ఆ పేరు వింటే ఎవరూ కొలువు ఇవ్వలేదట. సదయ్యదీ ఆ ఊరే.

ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచీ సదయ్య కాలు గాలిన పిల్లి అయ్యాడు.

వారం కిందట కాలనీ సంఘం పెద్ద వేణుమాధవ్ వచ్చి, "సదయ్య కాకా!" అని వాకిట్లోంచి పిలిచాడు. సదయ్య పలకలేదు. ఆయన అంతే, రెండోసారి పిలిస్తే గాని తిరగడు. బొగ్గుబాయిలో మందుపేలుళ్లకు చెవులు పోయాయని అందరూ అనుకుంటారు.

"మీ ఊరాయననే గద కాకా. నువ్వు గూడ స్టేజీ మీద కూసొని నాలుగు ముచ్చట్లు చెప్పాలె," అన్నాడు వేణుమాధవ్.

"నాకేం ఎర్కలేదు," అన్నాడు సదయ్య.

పచ్చి అబద్ధం. ఆ పూటే అన్నం తింటూ భార్య సారవ్వతో తనే మొదలుపెట్టాడు. "గా జెండ దుకాన్ల కొన్నది గాదు. పాత ధోతి చింపి, చిక్కుడాకు పసరుతోని పచ్చరంగు, పసుపుల సున్నం గలిపి ఎర్రరంగు. నడుమ చక్రం పొయ్యిల బొగ్గుతోని."

శివ నోటి దాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. "నీకెట్ల ఎర్క నాయినా?"

"ఆడనే ఉన్న."

"కట్టేటప్పుడా, పోలీసులు పట్టేటప్పుడా?"

"రెండిట్ల ఉన్న."

"పోలీసులను ఎవలు తోల్కొచ్చిండ్రు మరి?"

సదయ్య కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు. "ఊకో బిడ్డా, గవన్ని మనకెందుకు?" అంది సారవ్వ. లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదేనని శివకు అనిపించింది. ఇంకొకరి కూడు పడగొట్టే నోళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఎదురింటి పోశవ్వ కొడుకునే చూడండి. తండ్రి వేరేవాళ్ల పేరు మీద బాయిలో దిగాడని నిరుడు ఎవరో కంపెనీ చెవిలో ఊదారు. వారసత్వంగా వచ్చిన కొలువు ఊడింది. ఆ రోజుల్లో గట్టయ్యను పట్టించింది కూడా అలాంటి నోరే అయ్యుండాలి. అది నాయిన నోరేనా?

తండ్రి వీపు మీది చారలు గుర్తొచ్చాయి. బాయిలో పైకప్పు కూలి పడ్డవని చెబుతాడు. కప్పు కూలితే కొరడాతో కొట్టినట్టు చారలు పడతాయా? ద్రోహం చేశాడని ఊరే కొట్టి తరిమిందేమో!

శివకు దుఃఖం వచ్చింది. తనది కూడా తండ్రి దిగిపోతూ ఇప్పించిన కొలువే. ఆయన పెట్టిన అన్నం తింటూ ఆయన్నే అనుమానిస్తున్నందుకు తనను తాను తిట్టుకున్నాడు. అనుమానం మాత్రం పోలేదు. ఇంతమంది ముందు గట్టయ్య గుర్తుపట్టి వేలు చూపిస్తే, రేపు ఏ ముఖం పెట్టుకుని షిఫ్టుకు పోవాలి?

స్టేజీ మీద గట్టయ్య మెడలో బంతిపూల దండ పడింది. ఆయన తలెత్తకుండా మాట్లాడుతున్నాడు. "నిచ్చెనేసుకొని ఠాణా మీదికెక్కిన..."

"నిచ్చెన యాడిది? చింతకొమ్మ వట్టుకొని ఎక్కుడే," గొణిగాడు సదయ్య.

"సప్పుడు జెయ్యకు నాయినా!"

"మిమ్ములను పట్టిచ్చిందెవలు తాతా?" అని మైకులో అడిగాడు వేణుమాధవ్.

గట్టయ్య తలెత్తాడు. ఆయన చూపు ముందు వరుసలోని సదయ్య మీద పడి ఆగిపోయింది. "యాదికి లేదు బిడ్డా," అన్నాడు చివరికి.

జెండా ఎగిరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. గట్టయ్య స్టేజీ దిగి, పలకరించే వాళ్లను తప్పించుకుంటూ నేరుగా వీళ్ల వైపే వచ్చాడు.

శివ ఏమైతే అదైందని తండ్రికి అడ్డంగా నిలబడ్డాడు. ఎంత తప్పు చేసినా తండ్రి తండ్రే కదా!

గట్టయ్య అతన్ని పక్కకు జరిపాడు. తన మెడలోని దండ తీశాడు. కళ్ల నిండా నీళ్లు.

"నేను రానన్న. ఎవలు ఇనలె. ఈ దండ నాది గాదు..." అంటూ దాన్ని సదయ్య మెడలో వేయబోయాడు.

సదయ్య ఆ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, చుట్టూ ఒకసారి చూసి, శివకు మాత్రమే వినబడేంత చిన్న గొంతుతో అన్నాడు. "మెల్లగ మాట్లాడు, పోరని కొలువు నీ పేరు మీదనే నడుస్తున్నది, దండేస్కొని జల్ది పో... సదయ్యా!"