ఉత్తుత్తి తుఫాను

ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి చివరిదాకా కూర్చుంటే చాలు. లేకపోతే ఈ సాయంత్రమే ల్యాబుకు తాళం పడుతుంది.

డాక్టర్ భీమశంకరరావు ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాడు. ఢిల్లీలో పుట్టి, విదేశాల్లో చదివి, ఈ మధ్యే రుషికొండలో పరిశోధన మొదలుపెట్టాడు. ఇంటికీ ల్యాబుకీ మధ్య కారు అద్దంలోంచి తప్ప విశాఖను చూసింది లేదు.

హెల్మెట్ పెట్టుకుంటే కళ్ళముందు సముద్రం, తుఫాను, ఊగిపోయే ఓడ. అంతా కంప్యూటర్ మాయ. కడుపులో తిప్పేస్తున్నా తట్టుకునే మనోబలం మనిషికి ఎక్కడినుంచి వస్తుందన్నది ఆయన ప్రశ్న. తట్టుకున్నవాడు దొరికితే కదా! వచ్చినవాళ్ళు వచ్చినట్టే బకెట్ పట్టుకున్నారు.

ఇవాళ నిధులిచ్చే గురునాథరావుగారు ఢిల్లీ నుంచి స్వయంగా దిగారు. ముఖం చూస్తే తాళంకప్ప జేబులో పెట్టుకొచ్చినట్టే ఉంది.

కుర్చీలో నీలకంఠం. ప్రకటన చూసి వచ్చిన నడివయసు మనిషి.

"ఒంటినిండా వైర్లున్నాయి, హెల్మెట్ ముట్టుకోకండి. వద్దనిపిస్తే నోటితో చెప్పండి, ఆపేస్తాను" అన్నాడు డాక్టరు.

"ఏటీ అవదు సార్! కుదుపులు నాకలవాటే."

తుఫాను మొదలైంది. కాసేపటికే నీలకంఠం పెదాలు పాలిపోయాయి. డాక్టరు బకెట్ వైపు చూశాడు. అయిపోయింది, ఈయనా అంతే!

అప్పుడే నీలకంఠం గావుకేక పెట్టాడు.

"హోల్డ్ ఆన్!"

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. పట్టు వదలొద్దని తనకు తానే చెప్పుకుంటున్నాడు! అదీ ఇంగ్లీషులో!

"హోల్డ్ ఆన్! హోల్డ్ ఆన్!" నీలకంఠం కుర్చీ చేతిని దబదబా బాదాడు.

"చూశారా సార్ ఆ పట్టుదల!"

గురునాథరావుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నీలకంఠం రెండువేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు.

"కష్టాన్ని కూడా ఆస్వాదిస్తున్నాడయ్యా!" అన్నారాయన.

డాక్టరుకు కళ్ళు చెమర్చాయి. ఆ ఉత్సాహంలో తుఫాను ఇంకాస్త పెంచాడు.

ఎట్టకేలకు సముద్రం శాంతించింది. హెల్మెట్ తీయగానే నీలకంఠం, బకెట్ వెతుక్కునే ఓపిక లేక, గురునాథరావుగారి బూట్లమీదే కానిచ్చేశాడు. ఆయన కోప్పడలేదు. పరిశోధన కొనసాగించమని అక్కడికక్కడే చెప్పేశారు.

డాక్టరు నీలకంఠం చేతులు పట్టుకున్నాడు.

"ఆ ఒక్క మాటే కదండీ మిమ్మల్ని నిలబెట్టింది! ఎవరు నేర్పారు మీకు?"

నీలకంఠం మూతి తుడుచుకుని, కళ్ళెర్రజేశాడు.

"ఎవలో నేర్పడవేటి సార్, సిటీబస్సు కండక్టర్ని నాను, హోల్డాన్ అంటే మా డ్రైవరు సచ్చినట్టు బండాపుతాడు, మీరేటి ఆపరు!"