గేటు వేసిన మార్కులు

మా మనవరాలు హైమ మొదటిసారి పైవాటా అద్దెకిచ్చింది. ఇప్పుడు అద్దెకొచ్చేవాళ్ల మంచీచెడ్డా ఇంటి ముందుండే మాట్లాడే గేటే విచారిస్తుంది కదా. పైవాటా కావాలని వచ్చిన లోవకుమారి అంతకుముందున్న ఇళ్ల గేట్లన్నిటినీ అడిగి, ఆమెకి నూటికి నలభై మార్కులే వేసింది మా గేటు.

"ప్రతినెలా అద్దె ఆలస్యమండీ," అంది గేటు.

"ఎప్పుడైనా ఎగ్గొట్టిందా?" అంది హైమ.

"లేదండీ."

"అయితే దిగమను."

రెండో నెల ఐదో తారీఖు దాటింది. "అద్దె రాలేదు, సాయంత్రం నుంచి పైవాటా తలుపు తెరవను," అంది గేటు. లోవకుమారికేమో చంటిపిల్ల.

హైమ పైకెళ్లింది, వెనకే ఆయాసపడుతూ నేనూను.

"పొలాలకి మందుకొట్టే డ్రోన్లు నడుపుతానక్కా. జీతం పన్నెండున గానీ రాదు. చెప్తే ఇల్లివ్వరని దాచాను," అంది లోవకుమారి.

"పిచ్చిదానా, ముందే చెప్పొద్దూ," అని హైమ కిందికొచ్చి, "ఈవిడ గడువు పదమూడు," అంది గేటుతో.

"అందరికీ ఐదేనండీ," అని నసిగింది గేటు.

"జీతం రాకుండా అద్దె ఎలా కడుతుంది?"

ఆ సాయంత్రం తలుపు మామూలుగానే తెరుచుకుంది. పదమూడున పొద్దున్నే అద్దె పడింది.

నిన్న వెనకవాటా చూడ్డానికి ఎవరో దంపతులొస్తే గేటు ముందుగా, "మీకు జీతం ఏ తారీఖున వస్తుందండీ?" అనడిగింది. నేను పదకొండిళ్లలో అద్దెకున్నాను. ఏ ఇంటాయనా నన్నా మాట అడగలేదు.